రాతిమీద ఆడపడుచు పేరు

(మాస్తిలో జరిగిన మన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన వెంటనే ప్రసంగం పెట్టడం మన కార్యదర్శిగారి సాహసం. ఇళ్లలో ఓళిగలు చల్లారుతున్నాయని నాకూ తెలుసు. కనుక ఎక్కువసేపు నిలపను.

మనం కూర్చున్న ఈ ఊరి పేరుతోనే మొదలుపెడతాను. మాస్తి అంటే మహాసతి. భర్త చితిలో ప్రాణం విడిచిన స్త్రీని దేవతగా కొలిచే శిలను ఈ సీమలో మాస్తికల్లు అంటారు. గాజులు తొడుక్కొన్న ఒక చెయ్యి పైకెత్తి ఉంటుంది. ఆ ఆచారం పోవలసిందే, పోయింది, మంచిదే. కాని ఒక మాట గమనించండి. ఈ ఊరికి ఒక స్త్రీ వల్ల పేరు వచ్చింది. ఆ పేరునే ముందు పెట్టుకొని మాస్తి వెంకటేశ అయ్యంగారు కన్నడంలో కథలు వ్రాశారు, 1983లో జ్ఞానపీఠం అందుకొన్నారు. ఇంత పేరు ఇచ్చిన ఆ తల్లిని ఇంట్లో ఏమని పిలిచేవారు? మహాసతి అన్నది బిరుదే గాని పేరు కాదు గదా!

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో పుట్టలేదు. నిరుడు మా మనుమరాలికి బడిలో వంశవృక్షం గీసుకొని రమ్మన్నారు. నేను గర్వంగా ఏడు తరాలు చెప్పాను. పిల్ల అంతా వ్రాసుకొని, పెన్సిలు నోట్లో పెట్టుకొని, “తాతా, వీళ్లెవరికీ అమ్మలు లేరా?” అన్నది. మా నాయనగారి అమ్మమ్మను మేమంతా “పలమనేరు అవ్వ” అనేవాళ్లం. ఆమె చేతి ముద్ద తిన్నాను. ఆమె పేరు మాత్రం నాకు తెలియదు. అడగడానికి ఇప్పుడు మా ఇంట్లో నాకంటే పెద్దవారెవరూ లేరు.

అప్పటినుంచి నా చూపు శాసనాలమీదికి మళ్లింది. మన కోలారు జిల్లా శాసనాలను రైసు దొరగారు పోగుచేసి 1905లో “ఎపిగ్రాఫియా కర్నాటికా” పదవ సంపుటంగా అచ్చువేయించారు. అటువంటి సంపుటాలు తిరగవేసేటప్పుడు తెలుగుదేశపు గొప్పింటి ఆడపడుచు ఒకామె నా మనస్సుకు పట్టింది. ఆమె పేరు గణపాంబ. కాకతి గణపతిదేవ మహారాజు కూతురు. రుద్రమదేవి తోబుట్టువు. రుద్రమ పేరు పిల్లలందరికీ తెలుసు. గణపాంబ పేరు ఈ సభలో ఎంతమంది విన్నారో చేతులెత్తమని అడగను. ఆ చిక్కు మీకు పెట్టను.

ఆమెకు జీవితచరిత్ర వ్రాసినవారు లేరు. మరి ఆమె ఎలా దొరికింది? వంశావళి వల్ల దొరికింది. గుంటూరు సీమలో యనమదల అనే ఊరున్నది. అక్కడి శాసనం శక సంవత్సరం 1172 నాటిది, అంటే క్రీస్తుశకం 1250 ప్రాంతం. శాసనం మొదలుపెట్టగానే దానం మాట రాదు. ముందు పుట్టింటి వరుస, తరువాత మెట్టినింటి వరుస వస్తాయి. పుట్టినిల్లు ఓరుగల్లు కాకతీయులు, మెట్టినిల్లు ధాన్యకటకం ఏలిన కోట వంశం. ధాన్యకటకం అంటే అమరావతి పక్కనున్న ధరణికోట. భర్త బేతరాజు. రెండు వరుసలూ వచ్చి కలిసే చోట ఆమె నిలబడి ఉన్నది. పెండ్లిపందిట్లో ఇరువైపుల ప్రవరలు చదివిన తరువాత వధువు కనబడినట్లు, రెండు వంశాలు చదివిన తరువాత గణపాంబ కనబడుతుంది.

వంశావళి ఒట్టి పేర్ల జాబితా అనుకోకండి. కాస్త ఓపికగా చదివితే అది కారణాలు కూడ చెబుతుంది. గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు రాజ్యం చేశాడు. ఆయన తానే దివిసీమ అయ్య వంశంలో జాయపసేనాని చెల్లెండ్రు నారాంబ, పేరాంబలను పెండ్లాడాడు. ఒక కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికిచ్చాడు. ఇంకొక కూతురు గణపాంబను కోట బేతరాజుకిచ్చాడు. ఇప్పుడు పటం ముందు పెట్టుకొని ఈ మూడు ఇండ్లనూ గుర్తించండి. దివి కృష్ణ సముద్రంలో కలిసేచోట, ధరణికోట కృష్ణ ఒడ్డున, నిడదవోలు గోదావరి సీమలో. ఓరుగల్లునుంచి సముద్రతీరానికి పోయే దారులన్నీ వియ్యపువారి వాకిళ్లముందునుంచే పోతున్నాయి! కత్తి చేసిన పని కొంత అయితే మంగళసూత్రం చేసిన పని కొంత. రాజనీతి అంటే అది. అయితే అందుకై పుట్టిల్లు విడిచి పోయినది ఆ పిల్ల అన్న సంగతి మరవకూడదు.

బేతరాజు చనిపోయాడు. గణపాంబ మాస్తి కాలేదు. ఆ సీమను తానే ఏలింది. అమరేశ్వరస్వామి గుడికి బంగారు కలశాలు ఎత్తించింది. భర్త పేర బేతేశ్వరుని, తండ్రి పేర గణపేశ్వరుని ప్రతిష్ఠించింది. మెట్టినింటికి ఒక గుడి, పుట్టినింటికి ఒక గుడి. రెండు వంశాలనూ రాతిమీద చెక్కించిన మనిషి, రెండు ఋణాలూ తీర్చుకొన్న తీరు అది. చితిలోకి దూకితే చెయ్యి మాత్రం రాతిమీద మిగిలేది. బ్రతికి ఏలింది గనుక పేరు మిగిలింది.

వరుస తెలియకపోతే ఏమవుతుందో దానికి రుద్రమదేవే సాక్షి. మార్కోపోలో అనే వెనీసు యాత్రికుడు ఆ కాలపు మన దేశాన్ని గురించి చెబుతూ, ఏలే రాణి చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. ఆ మాట పట్టుకొని పూర్వపు చరిత్రకారులు కొందరు రుద్రమను గణపతిదేవుని రాణిగా వ్రాశారు. కన్నతండ్రిని మొగుణ్ణి చేశారన్నమాట! 1261 నాటి మల్కాపురం శాసనం ఆమె గణపతి కూతురని చెప్పి ఆ తప్పు దిద్దింది. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరు కూడ ఉండడం మరొక చిక్కు. చందుపట్ల శాసనం వెలికివచ్చిన తరువాత 1289 నవంబరు 27 నాటికి ఆమె మరణించిందని తేలింది. ఆమె తరువాత రాజ్యం ప్రతాపరుద్రునికి వచ్చింది. అతడు రుద్రమ కూతురు ముమ్మడమ్మ కొడుకు. తండ్రినుంచి కూతురికి, అమ్మమ్మనుంచి మనుమనికి. నడుమ ఆడవారి పేర్లు తీసివేయండి, కాకతీయ సింహాసనం గాలిలో వ్రేలాడుతుంది.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. సరిగా ఆ రోజులలోనే ఇంగ్లండుకు ఉత్తరాన స్కాట్లండులో డెవోర్గిల్లా అనే దొరసాని ఉండేది. గాల్లోవే సీమ ప్రభువు కూతురు. భర్త జాన్ బేలియల్ 1268లో పోయాడు. ఆమె 1273లో ఆయన జ్ఞాపకార్థం ఒక క్రైస్తవ మఠం కట్టించింది. భర్త హృదయాన్ని దంతపు భరిణెలో దాచుకొన్నది కనుక ఆ మఠానికి తీయని హృదయం అనే అర్థం వచ్చే పేరు నిలిచింది. ఆక్స్ఫర్డులో భర్త మొదలుపెట్టిన విద్యార్థి సత్రాన్ని 1282లో నియమాలిచ్చి నిలబెట్టింది. అదే నేటి బేలియల్ కళాశాల. ఆమె 1290 జనవరిలో చనిపోయింది, అంటే రుద్రమ పోయిన రెండు నెలలకు.

ఆ సంవత్సరమే స్కాట్లండు సింహాసనానికి వారసులు లేకపోయారు. పదిమందికి పైగా హక్కుదారులు తమ తమ వంశావళులు పట్టుకొని వచ్చారు. 1292లో తీర్పు డెవోర్గిల్లా కొడుకు జాన్ బేలియల్ వైపు వచ్చింది. ఎందుకు? తల్లి తల్లి మార్గరెట్ అన్నామె రాజవంశపు పెద్ద కూతురు గనుక. కొడుక్కు కిరీటం తెచ్చినది తండ్రి ఇంటిపేరు కాదు, అమ్మమ్మ పేరు. ఆ పేరు ఎవరూ వ్రాసిపెట్టకపోతే?

మనకు కిరీటాలు లేవు, దావాలు లేవు. మన తాతలు కొందరు బంగారు గనులకు కూలికి వచ్చారు, కొందరు సంతకు వచ్చి నిలిచిపోయారు, కొందరు బడిపంతుళ్లుగా వచ్చారు. 2001లో గనులు మూతపడ్డాక పిల్లలు బెంగుళూరుకూ, ఇంకా దూరాలకూ చెదిరిపోయారు. మగవాడి పేరు రేషన్ కార్డులోనో, గని పుస్తకంలోనో, పట్టాలోనో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆడమనిషి పేరు ఉండేది ఒక్కచోటే: ఆమెను పిలిచిన వారి నాలుకమీద. ఆ నాలుక మూగబోతే అంతే.

కనుక నేను కోరేది చిన్న పని. ఈ సాయంత్రం ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఆమె పేరు, ఆమె తల్లి పేరు, అత్త పేరు, అమ్మమ్మ పేరు, వారి పుట్టినూరు అడిగి ఒక కాగితంమీద వ్రాయండి. తెలియని చోట ఖాళీ ఉంచండి గాని కల్పించకండి. పోయినవారి పేరు కల్పిస్తే అది మరొక మార్కోపోలో మాట అవుతుంది. సంఘంవారు ఒక లెక్కపుస్తకం కొన్నారు. వచ్చే ఉగాదికి ఆ కాగితాలన్నీ అందులో ఎక్కిస్తాం.

మొదటి పుటలో మా ఇంటి వరుస నేనే వ్రాశాను. ఒకచోట “పలమనేరు అవ్వ” అని వ్రాసి, పక్కన జాగా విడిచాను. మీలో పలమనేరు వైపు చుట్టరికాలున్నవారు ఉంటే సభ అయిన తరువాత ఒక్కమారు నాతో మాట్లాడండి. ఇక భోజనాలకు లేవండి. సెలవు.