పక్కన కూర్చునేవాళ్ళని ఎవరు చూసుకుంటారు?

ఈరోజు క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. పేషెంట్ గురించి కాదు, మంచం పక్కన స్టూల్ మీద కూర్చునే మనిషి గురించి.

మా తాతయ్యకి 74 ఏళ్ళప్పుడు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. కీమో కోసం ఊరి నుంచి హైదరాబాద్ తిరగడం, మందులు, రాత్రి బాత్రూమ్‌కి లేపి తీసుకెళ్ళడం, అన్నీ అమ్మమ్మే. ఆవిడకి 68. నేను బెంగళూరులో జాబ్. రోజూ ఫోన్ చేసేవాణ్ణి. "తాతయ్య అన్నం తిన్నాడా? వాంతులు తగ్గాయా?" అంతే. చాలా బాగా పట్టించుకుంటున్నాననే అనుకున్నాను.

మూడో కీమో తర్వాత అమ్మమ్మ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టర్ అడిగితే అప్పుడు తెలిసింది, రెండు నెలలుగా తన బీపీ మాత్రలు వేసుకోవట్లేదట. "ఆయన మందులు తెచ్చుకునే హడావిడిలో నావి మర్చిపోయేదాన్నిరా" అంది. ఇంట్లో ఒక్కరం కూడా అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత మేం మార్చుకున్నవి చెప్తాను.

ఒకటి, "ఏమైనా కావాలంటే చెప్పు" అనడం మానేశాం. పెద్దవాళ్ళు చెప్పరండీ. పనులు పంచుకున్నాం. మందులు తెప్పించడం నాది, ఇద్దరివీ. ఆదివారం తాతయ్య దగ్గర మావయ్య ఉండేవాడు. మొదటి ఆదివారం అమ్మమ్మ సాయంత్రం దాకా నిద్రపోయింది.

రెండు, ఒక నోట్‌బుక్ పెట్టాం. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఒకటే మాట: కీమోలో ఉన్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. తెల్లరక్తకణాలు తగ్గి ఉంటాయి కాబట్టి ఇన్ఫెక్షన్ ప్రాణం మీదకి రావచ్చు. దేనికి కంగారుపడాలో తెలిశాక అమ్మమ్మకి మిగతా రాత్రులు కాస్త ధైర్యంగా గడిచాయి.

మూడు, రైలు. చికిత్స కోసం వెళ్ళే క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం. ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. మాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది.

నాలుగు, పాలియేటివ్ కేర్ అంటే "ఇక ఆశ లేదు" అని కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించే వైద్యం అది. ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే అడగొచ్చు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ సేవ ఉంది. పేషెంట్‌కి నొప్పి తగ్గితేనే చూసుకునేవాళ్ళకి నిద్ర. మనసు మరీ బరువెక్కితే టెలిమానస్ నంబర్ 14416 ఉంది. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

తాతయ్య పోయి ఏడాదవుతోంది. అమ్మమ్మ మాత్రలు వేసుకుంటోంది. ఎలా తెలుసంటే, ఇప్పుడు ఫోన్‌లో నా మొదటి ప్రశ్న అదే. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలా చూసుకుంటుంటే ఈరోజే ఫోన్ చేయండి. పేషెంట్ సంగతి తర్వాత. ముందు "నువ్వు తిన్నావా?" అని అడగండి.