మన కడప నియోజకవర్గం - మన ప్రతినిధులు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకీ విషయం అప్పగించినప్పుడు, "మాస్టారూ, రాజకీయం వద్దు, చరిత్ర చెప్పండి" అన్నారు. మంచి మాటే. అయితే నియోజకవర్గం చరిత్ర చెబుతూ రాజకీయం పేరెత్తకుండా ఉండటం, ఉప్పు పేరెత్తకుండా వంట నేర్పించడం లాంటిది. కాబట్టి ఏ పార్టీ పక్షమూ పట్టకుండా, జరిగింది జరిగినట్టు చెప్పే ప్రయత్నం చేస్తాను.

కడప ఊరు పాతది. మయానా నవాబుల ఏలుబడి చూసింది, ఆపైన హైదర్ అలీ చేతికి పోయింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. అందుకే మన పెద్దలు దీన్ని దత్తమండలం అనేవాళ్లు. 1928లో రాయలసీమ అనే పేరు వచ్చింది. ఇన్ని ఏలుబడులు మారాయి గదా, ఇందులో ఎక్కడైనా "మమ్మల్ని ఎవరు ఏలాలి?" అని జనాన్ని అడిగినవాళ్లు ఉన్నారా? లేరు. ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు కూడా అందరినీ అడగలేదు.

1909 నాటి మింటో-మార్లే సంస్కరణలతో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. అంటే ముస్లిం అభ్యర్థికి ముస్లిం ఓటర్లే ఓటు వేయాలి. 1935 చట్టం ప్రకారం 1937లో ఎన్నికైన మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే, వాటిలో 28 ముస్లింలకు ప్రత్యేకించారు. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఓటు ఎవరికుండేది? ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, కొంత చదువున్నవాడికి. బండి తోలేవాడికీ, బీడీలు చుట్టే తల్లికీ ఆ జాబితాలో చోటు లేదు. సీటు మనదే, ఓటు మాత్రం మనలో కొందరిదే!

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభ ఈ విషయాన్ని చర్చించి, 1949లో మత ప్రాతిపదిక మీద స్థానాలు ప్రత్యేకించడాన్ని వదిలేసింది. ఒకే జాబితా, ఒకే పెట్టె, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఒక ఓటు. ప్రత్యేక సీట్లు పోయాయని బాధపడినవాళ్లు ఉన్నారు. కానీ అదే చేత్తో రాజ్యాంగం మన ఇళ్లలోని ఆడవాళ్లందరికీ, కూలి చేసుకునే వాళ్లందరికీ మొదటిసారి ఓటు ఇచ్చింది. పోయినదేదో, వచ్చినదేదో రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు. మనం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రానివాళ్లు కూడా గుర్తు చూసి చీటీ వేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు శాసనసభలో మన వైపు నుంచి ఉన్న 140 మంది సభ్యులతోనే కొత్త సభ మొదలైంది. మన కడప కోటిరెడ్డి గారు ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఉన్నారు. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది మాస్టారూ" అనేవాళ్లకు నేనెప్పుడూ ఈ సంగతే చెబుతాను.

1955లో ఆంధ్ర రాష్ట్రానికి మళ్లీ ఎన్నికలు జరిగాయి, 196 స్థానాలు. మరుసటి ఏడు 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించింది. 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే జరిగాయి. 1955లో మన వైపు గెలిచినవాళ్లే 1962 దాకా కొనసాగారు. పిల్లలు పరీక్షల్లో తరచూ తప్పు రాసేది ఇక్కడే, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు హద్దుల సంగతి. జిల్లా వేరు, నియోజకవర్గం వేరు. జిల్లా హద్దులు ప్రభుత్వం గీస్తుంది. నియోజకవర్గం హద్దులు పునర్విభజన కమిషన్ గీస్తుంది. 2010లో మన జిల్లా వై.ఎస్.ఆర్. జిల్లా అయింది, 2025లో వై.ఎస్.ఆర్. కడప జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇంత జరిగినా శాసనసభ నియోజకవర్గాల గీతలు కదల్లేదు, ఎందుకంటే ఆ కలం ప్రభుత్వం చేతిలో లేదు.

ఆ కలం చివరిసారి కదిలింది 2008లో. 2001 జనాభా లెక్కలు తీసుకుని, రాష్ట్రంలో 294 స్థానాలు అలాగే ఉంచి, లోపల సర్దారు. జనం పెరిగిన హైదరాబాదు, రంగారెడ్డి వైపు స్థానాలు పెరిగాయి. మన జిల్లాలో 11 ఉన్నవి 10 అయ్యాయి. లక్కిరెడ్డిపల్లె నియోజకవర్గం పటం నుంచే పోయింది. బద్వేలు ఎస్సీలకు రిజర్వు అయింది. మన కడప నియోజకవర్గం కడప మండలానికి కుదురుకుంది, అంటే దాదాపు పట్నమే నియోజకవర్గం.

ఇక్కడొక పాత మాట గుర్తుకొస్తుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ భవనంలో కోస్తా, రాయలసీమ పెద్దలు ఒక ఒడంబడిక చేసుకున్నారు. మన కోటిరెడ్డి గారు అందులో సంతకం చేసినవారే. రాజధాని, హైకోర్టు, నీళ్లు - ఇవి అందరికీ తెలుసు. శాసనసభ స్థానాలు జిల్లాలకు సమానంగా ఉండాలనే మాట కూడా అందులో ఉంది. జనం తక్కువున్న కరువు సీమకు సభలో గొంతు తగ్గిపోతుందని ఆ పెద్దలు అప్పుడే ఊహించారు. డెబ్బై ఏళ్ల తర్వాత లక్కిరెడ్డిపల్లె పోయినప్పుడు గానీ ఆ ముందుచూపు విలువ మనకు తెలిసి రాలేదు.

సరే, ప్రతినిధుల దగ్గరికి వస్తాను. మన పిల్లల తల్లిదండ్రులకు బాగా తెలిసిన కాలం 1983 నుంచి చెబుతాను. 1982లో తెలుగుదేశం పుట్టి, 1983 ఎన్నికల్లో రాష్ట్రమంతా గాలి మారింది. కడపలో తెలుగుదేశం తరఫున ఎస్. రామమునిరెడ్డి గారు గెలిచారు. 1985లో అదే పార్టీ నుంచి సి. రామచంద్రయ్య గారు. 1989లో కాంగ్రెస్ నుంచి కందుల శివానందరెడ్డి గారు. ఓటు వయసు 21 నుంచి 18కి దిగాక మొదటి ఎన్నిక అదే. 1994లో, 1999లో తెలుగుదేశం నుంచి ఎస్.ఎ. ఖలీల్ బాషా గారు. 2004లో, 2009లో కాంగ్రెస్ నుంచి అహ్మదుల్లా గారు. 2014లో, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఎస్.బి. అంజాద్ బాషా గారు. 2024లో తెలుగుదేశం నుంచి ఆర్. మాధవీరెడ్డి గారు 18 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. 1983 నుంచి చూస్తే ఈ స్థానంలో గెలిచిన మొదటి మహిళ ఆమె.

ఈ జాబితాను ఒకసారి నల్లబల్ల మీద రాసుకున్నట్టు చూడండి. పది ఎన్నికలు, ఏడుగురు ప్రతినిధులు. మధ్యలో 1994 నుంచి 2019 వరకు ఆరు ఎన్నికల్లో ముగ్గురు ముస్లింలు. ఒక్కొక్కరు రెండేసి సార్లు. ఒక్కొక్కరిది ఒక్కో పార్టీ. ముగ్గురూ మంత్రులయ్యారు. అహ్మదుల్లా గారు మైనారిటీ సంక్షేమ మంత్రి, అంజాద్ బాషా గారు 2019 నుంచి 2024 వరకు ఉపముఖ్యమంత్రి. ప్రత్యేక నియోజకవర్గం లేకుండా, రిజర్వేషన్ లేకుండా, అన్ని మతాలవాళ్లూ కలిసి వేసిన ఓట్లతో ఇది జరిగింది. ఇది కడప పట్నం గౌరవం. దీన్ని మనమొక్కరమే మన ఖాతాలో రాసుకోకూడదు.

2024 ఫలితం తర్వాత మన వీధుల్లో కొందరు "ఇంక మనకు ప్రతినిధి లేడు" అన్నారు. ఈ మాట మీద నాకు అభ్యంతరం ఉంది, పెద్దలు కోప్పడినా సరే చెబుతాను. గెలిచిన మనిషి ఓటు వేసినవాళ్లకూ, వేయనివాళ్లకూ కూడా ప్రతినిధే. పేరులో బాషా ఉన్నప్పుడు అర్జీ పట్టుకుపోయి, పేరులో రెడ్డి ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుంటే నష్టం ఎవరికి? అట్లాగే ఆ ముప్పై ఏళ్లలో మనం ఏమి అడిగాం? ఎంతమంది రాతపూర్వకంగా అడిగాం? దావత్‌కు పిలవడం, శాలువా కప్పడం, ఫోటో దిగడం - ఇవి మర్యాదలు. మర్యాద వేరు, కోరిక వేరు.

ఒక్క ఉదాహరణ, నా వృత్తిలోదే చెబుతాను. ఉర్దూ మీడియం ఉపాధ్యాయ పోస్టుల్లో కొన్ని రోస్టరు ప్రకారం కొన్ని వర్గాలకు కేటాయిస్తారు. ఆ వర్గాల్లో ఉర్దూ చదివినవాళ్లు దొరక్క పోస్టు ఖాళీగా ఉండిపోతుంది. ఇందులో ఆ వర్గాల తప్పు లేదు, మన తప్పూ లేదు. నిబంధనలో ఉన్న చిక్కు అది. నష్టపోయేది మాత్రం తరగతిలో కూర్చున్న పిల్ల. దీన్ని హెడ్మాస్టరు తేల్చలేడు, కార్పొరేటరు తేల్చలేడు; ప్రభుత్వమే తేల్చాలి. అంటే సభలో ప్రశ్న పడాలి. 2022 మార్చిలో మన శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ బిల్లు ఆమోదించింది. చట్టం వచ్చింది సంతోషం. పంతులు లేని బడిలో ఆ చట్టాన్ని చదివి వినిపించేదెవరు? ఇదీ మన ప్రతినిధిని, ఎవరైనా సరే, అడగాల్సిన ప్రశ్న. కాలువ పూడిక కార్పొరేషన్ పని, అది కార్పొరేటరును అడగండి. చట్టం, బడ్జెట్, పోస్టులు - ఇవి ఎమ్మెల్యేను అడగండి. ఎవరిని ఏమడగాలో తెలియడమే సగం చదువు.

ఇక ముందున్న సంగతి. రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా శాసనసభ స్థానాల సంఖ్య మారదు. విభజన చట్టంలో 175 స్థానాలను 225 చేసే మాట ఉంది; అయినా రాజ్యాంగం చెప్పిన గడువుకు లోబడే అని సుప్రీంకోర్టు 2025 జులైలో తేల్చింది. మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయిస్తూ 2023లో చేసిన 106వ సవరణ కూడా జనాభా లెక్కలను, పునర్విభజనను ఆధారం చేసుకునే రాశారు. అంటే గీతలు మళ్లీ కదిలే రోజు వస్తుంది. కమిషన్ ముసాయిదా ప్రకటిస్తుంది, అభ్యంతరాలు అడుగుతుంది, బహిరంగ విచారణ పెడుతుంది. ఒకసారి తుది ఉత్తర్వు వచ్చాక దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. అప్పుడు గుండెలు బాదుకుని లాభం లేదు. ఒక పేటను రెండుగా చీల్చినా, ఒక వాడను పక్క నియోజకవర్గంలో కలిపినా, చెప్పాల్సింది ముసాయిదా దశలోనే.

అంతకంటే ముందు చేయాల్సింది ఓటరు జాబితా. జాబితాలో లేని మనిషికి హద్దు ఎక్కడ గీస్తే ఏమిటి? మన పేర్ల సంగతి మీకు తెలుసు. వీధిలో సగం మందికి ఇంటిపేరు షేక్, మిగతా సగానికి సయ్యద్, పఠాన్. అదే తల్లి ఒక కార్డులో బీబీ, ఇంకో కార్డులో బేగం, మూడో దాంట్లో ఉత్త బీ. ఉర్దూలో పలికిన పేరును తెలుగులో ఒకరు రాస్తే, ఇంగ్లీషులో ఇంకొకరు రాస్తారు. ఒకే పేరున్న ఇద్దరిని ఒక్కరే అనుకునే ప్రమాదం ఉంది. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి ఊళ్లో ఉంటుంది, ఇక్కడ ఉండదు. గల్ఫ్‌కు పోయినవాడి పేరు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

కాబట్టి నా మనవి మూడే. ఒకటి, కొత్తగా చేరడానికి ఫారం 6, చిరునామా మార్పుకూ తప్పులు దిద్దడానికీ ఫారం 8, చేర్పుపై అభ్యంతరానికీ తొలగింపుకూ ఫారం 7 - ఈ మూడూ మన సంఘం కార్యాలయంలో ఎప్పుడూ ఉండాలి. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. పద్దెనిమిది నిండిన పిల్లలు ఏడాదంతా ఆగనక్కరలేదు. రెండు, చదువుకున్న మన ఆడపిల్లలు ఇద్దరిద్దరు చొప్పున వీధివీధికీ పోయి, ఇంట్లో ఆడవాళ్ల పేర్లు జాబితాలో సరిచూడాలి. మగవాళ్లు అడిగితే "అన్నీ ఉన్నాయి" అనేస్తారు; చూస్తే ఉండవు. మూడు, ప్రతి ఏడూ మన కోరికలు ఒక్క కాగితం మీద, మూడు నాలుగు మించకుండా, లెక్కలతో సహా రాసి, గెలిచినవారికీ ఓడినవారికీ ఇద్దరికీ ఇవ్వాలి. వచ్చే ఏడు ఇదే సమావేశంలో ఏది జరిగింది, ఏది జరగలేదు అని చదివి వినిపించాలి.

నవాబుల కాలంలో మన తాతలు ప్రజలు మాత్రమే. 1937 నాటికి మనలో కొందరు ఓటర్లయ్యారు. 1952 నుంచి అందరం ఓటర్లం. ఇంత దూరం వచ్చినవాళ్లం, ఒక అక్షరం తప్పుపడితే జాబితా నుంచి జారిపోయేంత నిర్లక్ష్యంగా ఉండకూడదు.

 చాయ్ చల్లారకముందే ముగిస్తున్నాను. బయట బల్ల మీద ఓటరు జాబితా ప్రతి పెట్టించాను. ఇళ్లకు పోయేముందు అందరూ తమ పేరు, ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చూసుకుని పొండి. ఖుదా హాఫిజ్, సెలవు.