ఉచితం ఒక్కటే చాలదు



పొద్దుటి నుంచి మన డోలు గురించి, గుస్సాడీ గురించి విన్నాం. ఆ ఆట ఆడే కాళ్లకు బలం ఉండాలి కదా! అందుకే మేము ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్పదలచుకున్నాం.

పోయిన వానాకాలం మా గూడెం బాలింతను ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. మందులకు పైసా అడగలేదు. కానీ ఆమెకు గోండి తప్ప మరో భాష రాదు. నొప్పి ఎక్కడో చెప్పుకోలేకపోయింది. వెంట వచ్చిన అత్తను బయటే కూర్చోబెట్టారు. మూడో రోజు ఇద్దరూ బిడ్డను ఎత్తుకుని చెప్పకుండా ఇంటికి వచ్చేశారు. "మీవాళ్లింతే, పారిపోతారు" అన్నారు అక్కడివాళ్లు. మేమూ ముందు ఆమెనే తిట్టాం. బిడ్డ దక్కింది కాబట్టి సరిపోయింది. తప్పెవరిదని తర్వాత ఆలోచించాం.

ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 1986 నుంచి 'సెర్చ్' అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా పనిచేస్తున్నారు. దవాఖానకు ఎందుకు రారని వాళ్లు గోండు పెద్దలనే అడిగారు. పెద్ద భవనాలంటే భయమన్నారు. తెల్లబట్టలు చూస్తే శవం మీద కప్పే గుడ్డ గుర్తొస్తుందన్నారు. రోగిని మనవాళ్ల నుంచి విడదీస్తారన్నారు. ఆ డాక్టర్లు నవ్వలేదు, విన్నారు. గుడిసెల్లాంటి గదులు కట్టి, ఇంటివాళ్లు రోగితోనే ఉండే వీలు కల్పించారు. దవాఖానకు దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు.

అంతటితో ఆగలేదు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. పుట్టిన బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, నిమోనియాను గుర్తుపట్టడం, అవసరమైతే సూది వేయడం నేర్పారు. 39 ఊళ్లలో ఇలా ఇంటింటికీ తిరిగి చేసిన సేవ వల్ల నెలలోపు పసిపిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చింది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇదే పద్ధతిని దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఈరోజు మన గడప తొక్కి బిడ్డను తూచే ఆశా అక్క వెనుక ఆ పల్లెటూరి ఆడవాళ్ల కష్టం ఉంది.

దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటే. వైద్యం ఉచితంగా ఇస్తే చాలదు, మర్యాదగా ఇవ్వాలి. మన మాట వినేవాళ్లు ఉండాలి.

డాక్టర్లు మారాలని అడుగుదాం. మనం చేయగలిగింది కూడా చేద్దాం. గోండి, కొలామి, తెలుగు మాట్లాడగలిగిన మన పిల్లలు వంతులవారీగా దవాఖానలో రోగుల వెంట ఉండాలని మా సంఘం తీర్మానించుకుంది. సెలవుల్లో ఒక్కొక్కరు రెండు రోజులు ఇస్తే చాలు. జ్వరం వస్తే దేవారి దగ్గరికి వెళ్లండి, వద్దనం. అదే రోజు రక్తపరీక్ష కూడా చేయించండి. దేవారులే ఆ మాట చెబితే గూడెం మొత్తం వింటుంది. మన ఆడపిల్లలను నర్సు చదువులకు పంపండి.

వచ్చే ఏడాది ఇదే వేదిక మీద, దవాఖాన నుంచి నయమై ఇంటికొచ్చిన మనవాళ్ల కథ చెప్పుకోవాలని మా ఆశ. పేర్లు ఇచ్చేవాళ్లు సభ అయ్యాక మా దగ్గరికి రండి.

జై సేవా!