పొట్టి బొచ్చు పిల్లికీ దువ్వెన కావాలి

పొట్టి బొచ్చు పిల్లే కదా, వెంట్రుకలు రాలవులే అనుకోకండి. రాలతాయి, సోఫా గుడ్డలో సూదుల్లా దిగి ఓ పట్టాన ఊడిరావు. ఎలర్జీ ఉన్నవాళ్లకు తుమ్ములు తెప్పించేది మాత్రం ఫెల్ డి 1 అనే ప్రోటీన్. పిల్లి ఉమ్మిలో, చర్మపు నూనె గ్రంథుల్లో పుడుతుంది. ఒళ్లు నాక్కున్నప్పుడల్లా బొచ్చుకంటుకుని, ఆరి, పొడిగా గాల్లోకి లేస్తుంది.

వారానికి ఒకటి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో మెడ నుంచి తోకవైపు, బొచ్చు వాలు వెంబడే దువ్వండి. పొట్ట దగ్గర మరీ సుతారంగా. తోక విసురుగా కొట్టిందంటే ఆపేయండి. బలవంతం చేస్తే మర్నాడు బ్రష్ చూడగానే మంచం కింద దూరుతుంది. దువ్వడం అయ్యాక తడిబట్టతో ఒళ్లు తుడవాలి. ఇదంతా బాల్కనీలో, ఎలర్జీ లేనివాళ్లు చేస్తే మేలు. స్నానం చేయించినా ఆ ప్రోటీన్ కొద్ది రోజుల్లోనే మళ్లీ పేరుకుంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పిల్లిని పడగ్గదిలోకి రానివ్వకండి, డాక్టర్‌కి తప్పక చెప్పండి.