టారో ముక్కలు: పఱచుట, చదువుట



చిలుకజోస్యమును మీరందఱు నెఱుగుదురు. సంతలో చెట్టుక్రింద నొకడు కూర్చుండును. పంజరపు తలుపు తీయగానే చిలుక వెలుపలికి వచ్చి, వరుసగా పేర్చినవానిలో నొకదానిని ముక్కుతో లాగి యిచ్చును. అందలి బొమ్మను చూచి యతడు ఫలము చెప్పును. నేడు నేను చెప్పబోవు టారో పేకలో చిలుక లేదు. అడుగువాడే ముక్కలను కలుపును. ఒకటి గాక మూడో పదియో తీసి బల్లమీద పఱచుదురు. ఏ చోట పడిన ముక్క దేనిని గూర్చి చెప్పవలెనో ముందుగనే నిర్ణయించి యుందురు. ఈ చోట్ల నిర్ణయమే యీ విద్యకు ప్రాణము. దానిని గ్రహింపక నేనొకమాఱు చేసిన తప్పును గూడ మీకు విన్నవించెదను.

ఈ పేకలో ముక్కలు 78. అందు 56 మనమాడు పేకముక్కలవంటివే. పాత్రలు, ఖడ్గములు, నాణెములు, దండములు అని నాలుగు జాతులు, జాతికి 14. తక్కిన 22 బొమ్మముక్కలు: చక్రవర్తి, సన్న్యాసి, అదృష్టచక్రము, మృత్యువు, సూర్యుడు మొదలైనవి. ఇవి 15వ శతాబ్ది పూర్వార్ధమున ఉత్తర ఇటలీలో పుట్టినవి. జోస్యమునకు గాదు, ఆటకు. ఆ బొమ్మముక్కలు ఆ యాటలో తురుపులు. మిలాను ప్రభువులకై బంగారు పూతతో చిత్రించిన పేక యొకటి నేటికిని కలదు. దానిలో 74 ముక్కలు మిగిలినవి. వానిలో హెచ్చుభాగము న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయమునను, ఇటలీలోని బెర్గామో పట్టణమునను ఉన్నవి. పోయిన నాలుగింటిలో సైతాను ముక్క యొకటి. అందేదో రహస్యము కలదని కథలల్లువారును లేకపోలేదు. ముక్క పోవుటకు రహస్యమేల? మన యిండ్లలో మాత్రము నిండుగా నున్న పేకలెన్ని?

1781లో ఫ్రాన్సు దేశీయుడగు కూర్ ద జెబ్లిన్ అను పండితుడు, ఇవి యాటముక్కలు కావు, ప్రాచీన ఈజిప్టు దేశపు జ్ఞానగ్రంథమే యని ప్రకటించెను. ఈజిప్టు చిత్రలిపిని షాంపొల్యాఁ చదువగలిగినది 1822లో. ఎవ్వరును చదువజాలని లిపిలో నేమున్నదో చెప్పుట మిక్కిలి సులభము గదా! పిమ్మట ఆలియెత్ అనునతడు తన పేరును తలక్రిందు చేసి ఎత్తెయిల్లా యని పెట్టుకొని, 1785లో ఈ ముక్కలతో జోస్యము చెప్పు విధమును గ్రంథముగా వెలువరించెను. ఇప్పుడు లోకమున మిక్కిలిగా కనబడు పేక 1909లో లండనులో అచ్చయినది. యోజన ఆర్థర్ ఎడ్వర్డ్ వేట్‌ది. బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణివి.

ఆ వేట్ తన గ్రంథమున నొక అమరికను చెప్పెను. దానికి కెల్టు జాతి ప్రాచీన పద్ధతి యని పేరు. ప్రాచీనతకు నిదర్శనము మాత్రము కానరాదు. అడుగువానికి గుర్తుగా నొక ముక్కను నడుమ నుంచుదురు. మొదటి ముక్క దానిపై కప్పబడును: అది యతని ప్రస్తుతస్థితి. రెండవది యడ్డముగా పడును: అది యాటంకము. పైన, క్రింద, వెనుక, ముందు నాలుగు. తరువాత కుడివైపున క్రిందినుండి పైకి మఱి నాలుగు: తాను, తన యిల్లు, తన యాశాభయములు, తుదకు ఫలము. మొత్తము పది. తుదిముక్క స్పష్టముగా పలుకనిచో, దానినే నడుమ నుంచి మరల పఱచవచ్చునని వేట్ సెలవిచ్చెను. ఈ సెలవు మంచిది కాదు. కోరిన మాట వచ్చువఱకు పఱచువానికి తీరిక యుండునే కాని తీర్పుండదు.

ఇక నా మాట. 1987లో నేను లండనులో ఉద్యోగమున నుంటిని. నేను బసచేసిన యింటి ముసలమ్మగారు సాయంకాలములందు ఈ పేక పఱచుచుండెడిది; ఆమెవలననే నేనును నేర్చుకొంటిని. ఒకనాడు మా యన్నగారికి పక్షవాతము వచ్చినదని తంతి వచ్చెను. అన్నగారు కోలుకొందురా యని ముక్కలనడుగుద మంటిని. ఆమె, “ముందు టిక్కెట్టు కొని రమ్ము, పిమ్మట పఱచుదము” అనెను. నేను వినక నా చేతులతోనే పఱచితిని. పదవచోట సూర్యుడు పడెను. అంతకంటె శుభమైన ముక్క అరుదు. చేతిలోని పని ముగించుకొని వారము పిమ్మట పోవచ్చునని తలంచితిని. నాలుగవనాడు రెండవ తంతి వచ్చెను. నేనిల్లు చేరునప్పటికి దహనము జరిగిపోయినది. మొదటినాడే బయలుదేరి యుండినచో రెండు దినములు వారి మంచముకడ నుండెడివాడను. మా వదినెగారు నన్నొక్క మాటయు ననలేదు.

చాలకాలమునకు గాని నాకొక సంగతి తోచలేదు. ఆ పది చోట్లలో, నేనేమి చేయవలెనను చోటు లేదు. ఏమి జరుగునని యడిగితిని. ఏమి చేయుదునని యడుగలేదు. ఆ ప్రశ్నకు జవాబు ముక్కలు తీయకమునుపే నాకు తెలియును. తెలియుటచేతనే అడుగలేదేమో.

ముక్క పడుట యెంత సామాన్యమో లెక్క చూడుడు. 78లో పది తీసినచో, మృత్యువు ముక్క నూటికి సుమారు పదుమువ్వురికి కనబడును. వారందఱు చత్తురా? బొమ్మకు మనసే యర్థము కట్టును. 1948లో అమెరికాలో ఫోరర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తన విద్యార్థులు 39 మందికి, ఎవరి స్వభావమును వారికి వ్రాసి యిచ్చుచున్నానని చెప్పి, అందఱికిని ఒకే వ్రాత నిచ్చెను. అది తమకెంత సరిపోయినదో మార్కులు వేయుడనగా, ఐదింటికి సగటున నాలుగుకు మించి వేసిరి.

అయినను నేను పేకను పాఱవేయలేదు. చోట్లను మార్చితిని. ఇప్పుడు నా యమరికలో మూడే చోట్లు. నాకు ముందే తెలిసినది మొదటిది. తెలిసియు ఒప్పుకొననిది రెండవది. రేపు సాయంకాలములోగా చేయదగినది మూడవది. ఫలమను చోటు లేదు. ఇతరుల చావుబ్రతుకుల నడుగను. ఒక సంగతిపై రెండవమాఱు పఱచను.

నిరుడు మా వీధిలో నొక విధవరాలు వచ్చి, “బాబాయిగారూ, కుమారుని దూరదేశము పంపుటకు రెండెకరములు తాకట్టు పెట్టవచ్చునా, ముక్కలు చూచి చెప్పుడు” అనెను. మూడు ముక్కలు బోర్లించి, మొదటిచోటి యర్థము చెప్పి, “తెఱచుటకు ముందు నీకు తెలిసినది చెప్పు మమ్మా” అంటిని. ఆమె మొదలుపెట్టెను. పంపెదనన్న మధ్యవర్తి చీటి వ్రాసి యిచ్చుటకు వెనుదీయుచున్నాడట. రెండవచోటికి వచ్చి కొంతసేపు కన్నీరు పెట్టుకొనెను. మూడవచోటికి వచ్చునప్పటికి, పట్టా పుస్తకము మఱదియొద్ద నున్నదనియు, తెల్లవాఱగానే పోయి తెచ్చుకొందుననియు తానే చెప్పి లేచి వెళ్లెను.

ఆ మూడు ముక్కలను తిరుగవేసి చూడకయే పేకలో కలిపివేసితిని.