కొండచరియల నాడి చూచు ఉష్ణచిత్రములు

(మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సముద్రము మనకు చాల దూరము. మన పావగడ తాలూకాలో సముద్రతీరమును కన్నులార చూడని పెద్దలు ఎందరో కలరు. అట్టి మెట్టసీమలో తీరపు కొండచరియలను గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని కొండ క్రింద కాపురముండు వారికి, కొండ తీరమందున్నను మెరకనున్నను, భయము ఒక్కటే. నేను శాస్త్రజ్ఞుడను కాను, వర్తకుడను. చదివి గ్రహించినంత మేరకు విన్నవించెదను.

విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. కేరళమున వర్కల వద్ద ఎత్తయిన ఎఱ్ఱని చరియ సముద్రమునకు ఎదురుగా నిలిచి యున్నది. ఈ రెండును, వానితో మన తిరుమల కొండలును, 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి. కీర్తి వచ్చినది కాని ఆపద తొలగలేదు. వర్కలలో పైపొర లాటరైటు అను ఎఱ్ఱరాయి. దాని క్రింద ఇసుకరాయి, బంకమట్టి. వాననీరు పైపొరగుండ దిగి, బంకమట్టి వద్ద ఆగి, చరియ మధ్యనుండి ఊటయై వెలువడును. పైనుండి నీరు నానబెట్టును; క్రిందనుండి అల తొలుచును. ఈ రెంటి నడుమ చరియ విరిగి పడును.

అట్టి చరియను పరీక్షించుట యెట్లు? క్రింద నిలుచుట ప్రాణాపాయము. పైనుండి త్రాడు కట్టుకొని దిగుట కష్టము. అందుచేత ఇటీవల డ్రోను అను చిన్న విమానమునకు ఉష్ణచిత్రములు తీయు కెమెరాను అమర్చి, చరియకు ఎదురుగా నడిపి పరీక్షించుచున్నారు. కెంపురంగునకు ఆవల కంటికి కానరాని కిరణములు కలవని హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు 1800లో కనుగొనెను. ప్రతి వస్తువును తన వేడిమికి తగినట్లు అట్టి కిరణములను వెలువరించుచుండును. ఈ కెమెరా వానిని గ్రహించి, వేడి చోటును ఒక రంగుతోను, చల్లని చోటును వేరొక రంగుతోను చూపును.

దీనివలన తెలియునవి ముఖ్యముగా రెండు. మొదటిది నీటి జాడ. మన ఇండ్లలో మట్టికుండ చెమర్చి చల్లబడునట్లే, ఊట గల చోటు ఎండవేళ చుట్టుప్రక్కలకంటె చల్లగా నుండును. రెండవది బీటల జాడ. తల్లిరాతినుండి విడివడిన పలకకు వెనుక గాలి నిండిన సందు ఉండును. అందుచే లోపలి రాతికిని పలకకును వేడి రాకపోకలు తగ్గును. అట్టి పలక సాధారణముగా పగలు త్వరగా కాగును, రాత్రి త్వరగా చల్లారును. అమెరికాలో యోసెమిటీ లోయయందు ఎల్ కాపిటన్ అను గొప్ప నల్లరాతి కొండ కలదు. స్విట్జర్లాండునందలి లౌసాన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, రాత్రివేళ దాని ఉష్ణచిత్రములు తీసి, పొరలు ఎచ్చట విడివడెనో, ఎచ్చట ఇంకను అంటుకొని యున్నవో గుర్తింప యత్నించి, ఫలితములను 2019లో ప్రకటించిరి. అది మన కొండల వంటి గ్రానైటు కొండయే యని గమనింప ప్రార్థన.

అయితే ఈ పరికరమును మంత్రదండముగా భావింపరాదు. అది ఉపరితలమును మాత్రమే చూచును. చెట్లుచేమలు కప్పిన చోట రాతి వేడిమి దానికి కానరాదు. గాలి, నీడ, మబ్బు దానిని భ్రమింపజేయును. ఒక్కనాటి చిట్టాను చూచి ఏటి లాభనష్టములు చెప్పువాడు వర్తకుడు కాడు. అట్లే ఒక్క చిత్రముతో కొండ భవిష్యత్తు చెప్పరాదు. వానలకు ముందును తరువాతను, ఏటేట తీసిన చిత్రములను సరిపోల్చవలెను. భూగర్భశాస్త్రజ్ఞుడు స్వయముగా వచ్చి చూచి నిర్ధారింపవలెను.

ఇక మన మాట. 2021 డిసెంబరులో తిరుమల ఘాటురోడ్డుపై బండలు విరిగిపడి రాకపోకలు నిలిచినవి. మనలో ఏటేట ఆ కొండ ఎక్కనివారు అరుదు. 2024 జూలై 30వ తేదీన వయనాడులో కొండ జారి రెండువందలకు పైగా జనులు మడిసిరి. అదే సంవత్సరము ఆగస్టు 31వ తేదీన విజయవాడ మొగల్రాజపురములో వానకు నానిన కొండ విరిగి ఇండ్లమీద పడి పలువురు మరణించిరి. అది మన ఊరివలె రాతికొండను ఆనుకొని పెరిగిన పేట.

మన దుర్గము కొండ రేపే పడునని నేను అనుట లేదు. అట్లు చెప్పుటకు నాకు అర్హత లేదు. వానలు తక్కువ గనుక మనకు భయము లేదను మాట మాత్రము సరికాదు. తక్కువ వాన కురియు సీమలోను ఒక్కొక్కయేడు ఒక్కరాత్రిలో కుండపోతగా కురియును. ఎండకు కాగి, రాత్రి చల్లారి, రాతి పొరలు ఏటేట ఎడమగుచునే యుండును.

మరియొక విశేషము. మన తిరుమణి, వళ్లూరు ప్రాంతములలో 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. ఇట్టి క్షేత్రములలో చెడిపోయిన పలకలను కనిపెట్టుటకు లోకమంతటను ఇదే డ్రోనును, ఇదే ఉష్ణచిత్రపు కెమెరాను వాడుచున్నారు. పలకలోని లోపము వేడిచుక్కవలె కనబడును. గాజుపలకకు జరుగు పరీక్ష, జనుల నెత్తిపై నున్న రాతిపలకకు ఏల జరుగరాదు?

కావున నా సూచనలు మూడు. కొండవాలున ఇండ్లున్న చోట్లను మన యువకులు తిరిగి చూచి, కొత్త బీటలను, ఊటలను, కదలిన గుండ్లను వ్రాసి పట్టిక చేయవలెను. ఆ పట్టికతో తాలూకా అధికారులకు విన్నపమిచ్చి, భూగర్భశాస్త్రజ్ఞుల చేత పరీక్ష జరిపింప కోరవలెను. విన్నపమును కన్నడమున వ్రాసి తెలుగు ప్రతిని జతపరచుదము; రాజ్యాంగపు 350వ అధికరణము మనకు ఆ హక్కు నిచ్చినది. హెచ్చరికలు కూడ రెండు భాషలలోను రావలెనని కోరుదము. తెలుగు తప్ప చదువ నేరని ముదుసలి కూడ వాన రాత్రి ఎటు పోవలెనో తెలిసికొనవలెను గదా! మూడవది, డ్రోనును ఎవరికి తోచినట్లు వారు ఎగురవేయరాదు. 2021 నాటి డ్రోను నిబంధనలు కలవు. ఉత్సాహవంతులైన యువకులు వానిని పాటింపవలెను.

ధాన్యపు కొట్టులో చెమ్మ తగిలినదని తెలిసిన వర్తకుడు బస్తాలు కుళ్లువరకు ఆగడు. పట్టికకు పేర్లు ఇచ్చువారు ఈ సభ ముగియుటకు ముందే కార్యదర్శిగారి వద్ద వ్రాయింప వేడెదను.