ఒక్క అక్షరం తప్పితే సీటు పోవాలా?

(పేట విద్యార్థుల, తల్లిదండ్రుల సభలో ఒక టీచరు ప్రసంగ పాఠం)



మా అమ్మానాన్నలు వేలిముద్ర మనుషులు. బడిలో వేసిననాడు మా పేర్లు, పుట్టిన తేదీలు అయ్యవారికి తోచినట్టు రాసుకున్నారు. కాలేజీ ఫారంలో మేము ఇంట్లో పిలిచే పేరు రాశాం. పదో తరగతి మెమోలో ఇంకోటుంది. గుమాస్తా ఫారం విసిరికొట్టాడు. మా నాయన రెండ్రోజుల కూలి పోగొట్టుకుని తిరిగితేగాని సీటు దక్కలేదు.

ఇవాళ ఫారం కంప్యూటర్లో కెక్కింది. నింపేది నెట్ సెంటర్ కుర్రాడు. వేలు జారేది అతనికి, సీటు జారేది మన బిడ్డకి. ఎస్సీ బదులు ఓసీ అని పడితే ఏం కావాలి? 2025 నుంచి ఎస్సీల్లో మూడు గ్రూపులొచ్చాయి. అదీ చూసుకోవాలి.

అందుకే అచ్చు తీయించండి. మెమో, కుల సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. తప్పు దొరికితే భయపడి దాచొద్దు. ఈఏపీసెట్ లాంటి పరీక్షలకి దిద్దుబాటు గడువుంటుంది. కొన్ని మనమే మార్చుకోవచ్చు, కొన్నిటికి రుజువులు జతచేసి కన్వీనరుకి అర్జీ పెట్టాలి. నోటిమాట నమ్మొద్దు. అర్జీ నకలు, అందినట్టు రుజువు దగ్గరుంచుకోండి.

17,500 రూపాయల ఫీజు గడువులోగా కట్టలేకపోయిన ఒక దళిత కూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటివ్వమని 2024 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు చెప్పింది. గడువు పేరుతో చదువు చంపొద్దన్నమాట. కానీ ఢిల్లీ దాకా ఎంతమందిమి పోగలం? ఇక్కడే, ఇప్పుడే చూసుకుందాం.

తప్పు దిద్దమనడం మన హక్కు. తలెత్తి, కాగితం పట్టుకుని అడుగుదాం. జై భీమ్!